ఆప్తుడు: మనవాడా, మాట నమ్మదగినవాడా?

సంక్షిప్తంగా: ‘ఆప్తుడు’ అన్న మాటను ఇవాళ దగ్గరి బంధువుకీ, ప్రాణస్నేహితుడికీ, నాయకుడి అంతరంగికుడికీ ఒకేలా వాడుతున్నారు. సంస్కృత శాస్త్రాల్లో ఈ మాటకు ఉన్న ప్రధానార్థం వేరు. విషయం తెలిసి, దాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే అక్కడ ఆప్తుడు. ఈ రెండు అర్థాల మధ్య ఎడం పత్రికల కాలంలో పుట్టినది కాదు, ప్రాచీన ధర్మశాస్త్రంలోనే కనిపిస్తుంది. ఆ ఎడం ఎలా ఏర్పడింది, తెలుగులో స్నేహానికి ఉన్న తక్కిన మాటలకూ దీనికీ తేడా ఎక్కడ, వాడుక మారితే భాష పోగొట్టుకునేదేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించే అంశాలు.

మూడు వాక్యాలు, ముగ్గురు మనుషులు

“ప్రమాదంలో ఆప్తులను కోల్పోయిన కుటుంబాలకు పరిహారం ప్రకటించారు.” “ఆయన మంత్రికి అత్యంత ఆప్తుడు.” “పెద్దాయన చెప్పినదాన్ని ఆప్తవాక్యంగా స్వీకరించాలి.” ఈ మూడూ తెలుగు పాఠకులకు నిత్యం ఎదురయ్యే తరహా వాక్యాలే. మొదటి వాక్యంలో ఆప్తులంటే కుటుంబ సభ్యులు, రక్తసంబంధీకులు. రెండో వాక్యంలో ఆప్తుడంటే ఒక అధికార కేంద్రానికి దగ్గరగా మసలే వ్యక్తి. అతడు మంచివాడో కాదో, నిజం చెబుతాడో లేదో ఆ వాక్యం చెప్పదు. మూడో వాక్యంలో చుట్టరికంతోగానీ, చనువుతోగానీ నిమిత్తం లేదు. అక్కడ పెద్దాయన మాట నమ్మదగినది కావడమే ఆయన ఆప్తత్వం.

ఒక మాటకు పలు అర్థాలుండడం వింత కాదు. అయితే ఇక్కడ ఉన్నవి ఒకదాని పక్కన ఒకటి ఒదిగే అర్థాలు కావు. బంధువు నమ్మదగినవాడై ఉండనక్కరలేదు, నమ్మదగినవాడు బంధువై ఉండనక్కరలేదు. కొన్ని సందర్భాల్లో, కింద చూడబోయేట్టు, ఈ రెండు అర్థాలూ ఎదురెదురుగా నిలబడతాయి. నిఘంటువులో “ఇష్టుడు, మిత్రుడు, బంధువు, నమ్మదగినవాడు” అన్న అర్థాలు ఒకే వరసలో కనిపించినప్పుడు, వాటిలో ఏది ఎక్కడ వర్తిస్తుందన్న ప్రశ్న పాఠకుడికి మిగిలిపోవడం సహజం.

ధాతువులోనే ఉన్న రెండు దారులు

ఈ మాటకు మూలం ‘ఆప్’ ధాతువు. పొందడం, చేరడం, అందుకోవడం దాని అర్థం. ప్రాప్తి, వ్యాప్తి, సమాప్తి, పర్యాప్తం అన్నవన్నీ ఈ ధాతువు నుంచి వచ్చినవే. పొందాలని కోరుకున్నది అని చెప్పే ‘ఈప్సితం’ కూడా ఈ ఇంటిదే. వేదాంతంలో ‘ఆప్తకాముడు’ అంటే కోరికలన్నీ తీరినవాడు. అక్కడ ‘ఆప్త’ శబ్దం స్నేహాన్నీ నమ్మకాన్నీ సూచించదు, పొందబడిన అన్న తొలి అర్థంలోనే నిలిచింది.

పొందడం అన్న అర్థం నుంచి నమ్మకం అన్న అర్థానికి మాట ఎలా నడిచింది? దీనికి రెండు దారులు కనిపిస్తాయి. ‘ఆప్తం’ అన్నదాన్ని కర్మార్థంలో తీసుకుంటే, ఆప్తుడంటే మనం పొందినవాడు, మనకు దక్కినవాడు, మన దరి చేరినవాడు. కర్త్రర్థంలో తీసుకుంటే, విషయాన్ని తానే పొందినవాడు, అంటే దాన్ని స్వయంగా ఎరిగినవాడు. తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ రెండో దారినే పట్టాడు. విషయాన్ని సాక్షాత్కరించుకోవడమే ‘ఆప్తి’, దాని ప్రకారం నడుచుకునేవాడు ఆప్తుడు అని ఆయన వ్యుత్పత్తి చెప్పాడు. మొదటి దారి బంధువు దగ్గరికీ మిత్రుడి దగ్గరికీ చేరుస్తుంది, రెండో దారి సాక్షి దగ్గరికీ, గురువు దగ్గరికీ, వైద్యుడి దగ్గరికీ చేరుస్తుంది. ఇవాళ్టి తికమకకు విత్తనం ఇక్కడ ఉంది.

ధ్వనిసామ్యం వల్ల ఈ ధాతువుతో కలిపేసే మాటలు కొన్ని ఉన్నాయి. ఆప్యాయతకూ ఆప్తుడికీ చుట్టరికం ఉందని చాలామంది అనుకుంటారు. ఆప్యాయత వచ్చింది ‘ప్యాయ్’ ధాతువు నుంచి. నిండడం, ఉబ్బడం, తృప్తి పొందడం దాని మూలార్థం. ఆపద్బాంధవుడిలో ఉన్నది ‘ఆపద్’, అది ‘పద్’ ధాతువుకు చెందినది. ఆత్మీయుడు ‘ఆత్మ’ నుంచి వచ్చాడు, తనవాడు అని ఆ మాటకు అర్థం. ఈ నాలుగు మాటలూ వాడుకలో ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఉండడం వల్ల ఆప్యాయతలోని వెచ్చదనమూ, ఆత్మీయుడిలోని స్వకీయతా ఆప్తుడికి అంటుకున్నాయని చెప్పవచ్చు. అర్థం మారడానికి ధాతువుల చుట్టరికమే అక్కరలేదు, చెవికి ఒకేలా వినిపించడం కూడా చాలు.

తర్కశాస్త్రం పెట్టిన షరతులు

‘ఆప్తోపదేశః శబ్దః’, అంటే ఆప్తుడి ఉపదేశమే శబ్దం, అన్నది గౌతముడి న్యాయసూత్రాల్లో మొదటి అధ్యాయానికి చెందిన సూత్రం. ప్రత్యక్షం, అనుమానం (తర్కించి తేల్చుకోవడం), ఉపమానం, శబ్దం అన్న నాలుగు ప్రమాణాల్లో, అంటే జ్ఞానం పొందే సాధనాల్లో, నాలుగోదాన్ని అది నిర్వచిస్తుంది. కంటితో చూడకుండా, తర్కించి తేల్చుకోకుండా, ఒక మనిషి చెప్పగా విని ఒక విషయాన్ని తెలుసుకోవడం సబబేనా అన్నది అక్కడి ప్రశ్న. సబబే, కానీ చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి అన్నది జవాబు. లోకంలో మనిషికి ఉన్న జ్ఞానంలో పెద్ద భాగం ఇలా విన్నదే కాబట్టి, ఎవరు ఆప్తుడు అన్నది ఆ శాస్త్రానికి చిన్న ప్రశ్న కాదు.

వాత్స్యాయనుడు చెప్పిన లక్షణంలో రెండు అంగాలు ఉన్నాయి. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో మాట్లాడాలి. ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమని కూడా ఆయన చేర్చాడు. ఈ చిన్న వాక్యం చాలా దూరం పోతుంది. పుట్టుక, హోదా, మనకు దగ్గరా దూరమా అన్నవి ఆప్తత్వానికి కొలతలు కావని అది తేల్చేస్తుంది. బాటసారికి ఏరు ఎక్కడ దాటాలో చెప్పే అపరిచితుడు, ఆ ఏరు ఎరిగినవాడై, నిజం చెప్పేవాడైతే, ఆ విషయంలో అతడు ఆప్తుడే.

రెండో అధ్యాయంలో ఆప్తుల మాట ఎందుకు ప్రమాణమో వివరిస్తూ భాష్యకారుడు మరో అంగాన్ని బయటపెడతాడు. విషయ సాక్షాత్కారానికీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న తలంపుకూ నడుమ ఆయన ‘భూతదయ’ను, అంటే ప్రాణుల పట్ల కనికరాన్ని చేర్చాడు. తెలిసినవాడు చెప్పకుండా ఊరుకోవచ్చు. తప్పుదారిన పోతున్నవాణ్ణి చూస్తూ, తనకెందుకులే అనుకోవచ్చు. అలా ఊరుకోనివ్వని గుణం దయ. తర్కశాస్త్రంలోని ఆప్తుడు స్నేహానికి దగ్గరయ్యేది సరిగ్గా ఇక్కడే. అతడు మనవాడైనందువల్ల చెప్పడం లేదు, మనం దెబ్బ తినకూడదని చెబుతున్నాడు.

తర్వాతి కాలంలో తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ వివరణనంతా ఒక్క ముక్కకు కుదించాడు. యథార్థం పలికేవాడు ఆప్తుడు, ఆప్తుడి వాక్యం శబ్దం. చదువుకునే పిల్లలకు కంఠస్థం కావడానికి ఆ నిర్వచనం అనువైనదే, కానీ అందులో దయ బయటికి కనిపించదు. ఆయుర్వేదంలో చరకసంహిత రోగాన్ని తెలుసుకోవడానికి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అని మూడు సాధనాలు చెప్పి, ఆప్తోపదేశాన్నే ముందు పెట్టింది. రాగద్వేషాలకు మూలమైన రజస్తమోగుణాల నుంచి విడివడినవాళ్లే ఆప్తులని చరకుడి లక్షణం. జైన సంప్రదాయంలో సమంతభద్రుడు ఆప్తుడెవరన్న పరీక్షకే ‘ఆప్తమీమాంస’ అన్న గ్రంథాన్ని రాశాడు. మూడు వేరు వేరు సంప్రదాయాలు ఒకే మాట మీద ఇంత శ్రద్ధ పెట్టాయంటే, మాటను నమ్మడం అన్న పని ఎంత ప్రమాదకరమైనదో వాటికి తెలిసినట్టే.

పక్క పక్క శ్లోకాల్లో ఎదురెదురు అర్థాలు

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం వ్యవహారాలకు, అంటే తగవుల విచారణకు సంబంధించినది. సాక్షులుగా ఎవరిని తీసుకోవాలో, ఎవరిని తీసుకోకూడదో అందులో చెప్పారు. 63వ శ్లోకం అన్ని వర్ణాల్లోనూ ఆప్తులైనవాళ్లను సాక్షులుగా చేసుకోవాలని అంటుంది. వెంటనే 64వ శ్లోకం సాక్షులుగా పనికిరానివాళ్ల జాబితా ఇస్తుంది. వ్యవహారంలో డబ్బు సంబంధం ఉన్నవాళ్లు, ఆప్తులు, సహాయకులు, శత్రువులు అని ఆ జాబితా మొదలవుతుంది.

ఒక శ్లోకంలో ఆప్తులే సాక్షులు కావాలి, మరుసటి శ్లోకంలో ఆప్తులు కాకూడదు. వ్యాఖ్యాతలు దీన్ని వైరుధ్యంగా చూడలేదు. మొదటి చోట ‘యథార్థం పలికేవాడు’ అనీ, రెండో చోట ‘మిత్రుడు’ అనీ అర్థం చెప్పుకున్నారు. ఈ వివరణ సరైనదే, కానీ మాట గురించి అది చెప్పేది ఇంకా ఉంది. నిజం చెబుతాడు కాబట్టి నమ్మదగినవాడు ఒకడు, మన పక్షాన నిలుస్తాడు కాబట్టి నమ్మదగినవాడు ఇంకొకడు. న్యాయస్థానంలో మొదటివాడు కావాలి, రెండోవాడు కూడదు. తగవు లేని రోజుల్లో ఈ ఇద్దరూ ఒకడే కావచ్చు. తగవు వచ్చిన రోజున మాత్రం ఒకే మనిషి రెండు పాత్రల్లో ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. ‘ఆప్తుడు’ అన్న మాట ఈ చిక్కును తనలోనే మోస్తోంది. ఇంత బరువు మోసే స్నేహవాచకం తెలుగులో మరొకటి కనబడదు.

సంస్కృత నిఘంటువైన అమరకోశం కూడా ఈ మాటను జాగ్రత్తగా వేరుచేసింది. రెండో కాండలోని క్షత్రియవర్గంలో మిత్రం, సఖా, సుహృత్ అన్న మాటలను ఒక గుంపుగా చెప్పి, ఆప్తుణ్ణి ఆ గుంపులో చేర్చలేదు. ఆప్త శబ్దం కొంచెం తర్వాత వస్తుంది, అదీ చరుడు, గూఢపురుషుడు అన్న వేగులవాళ్ల పేర్లు ముగిసిన వెంటనే. అక్కడ దానికి ఇచ్చిన పర్యాయపదం ‘ప్రత్యయితుడు’, అంటే నమ్మకం కుదిరినవాడు. రాజుకు వార్త తెచ్చేవాడి పక్కన ఆప్తుణ్ణి నిలపడం యాదృచ్ఛికమని తోచదు. చెప్పిన మాట నిజమా కాదా అన్నదే అక్కడా ప్రాణం. మనుస్మృతి ఏడో అధ్యాయంలో రాజు ఏటేటా పన్నును ఆప్తుల చేత రాబట్టుకోవాలని ఉండడం కూడా ఈ కోవలోదే.

చుట్టుపక్కల మాటలతో పోలిక

తెలుగులో స్నేహాన్ని చెప్పే మాటలు ఒక్కోటి ఒక్కో కోణం నుంచి ఆ బంధాన్ని చూస్తాయి. స్నేహితుడిలోని ‘స్నేహం’ జిడ్డు, నూనె, అంటుకునే గుణం. రెండు మనసులు అంటుకోవడం ఆ మాటలోని ఊహ. సుహృత్తులో మంచి హృదయం ఉంది. సఖుడిలో వెంట నడవడం ఉంది. ఏడడుగులు కలిసి నడిస్తే సఖ్యం కుదురుతుందన్న భావాన్ని పాణిని ‘సాప్తపదీనం సఖ్యం’ అన్న సూత్రంలో నమోదు చేశాడు, పెళ్లిలోని సప్తపదికీ ఆ భావమే ఆధారం. వయస్యుడు అంటే ఈడువాడు. తెలుగు మాటల్లో సంగడీడు పక్కన ఉండేవాడు, జతగాడు జత కట్టినవాడు, చెలికాడిలో చెలిమి ఉంది. నేస్తం అన్నది మొదట చెలిమికే పేరు, ‘నేస్తం కట్టడం’ అన్న వాడుకలో ఆ అర్థం ఇంకా నిలిచి ఉంది. తెలంగాణలో దోస్తు, సోపతి అన్నవి పారసీ, అరబీ మూలాల నుంచి వచ్చి ఇంటి మాటలైపోయాయి. సోపతి వెనుక ఉన్న ‘సొహ్బత్’కు కలిసి ఉండడం అని అర్థం. జిగ్రీ దోస్తులోని ‘జిగర్’ కాలేయం. తెలుగులో ప్రాణస్నేహితుడు అన్నట్టే అక్కడా శరీరంతో ముడిపెట్టి గాఢతను చెప్పారు.

వీటన్నిటిలోనూ కొలిచేది అనుబంధాన్ని. ఎంత దగ్గర, ఎంత కాలం, ఎంత గాఢం అన్నదే ప్రశ్న. ఆప్తుడి విషయంలో కొలిచేది మాటను. అందువల్లే ‘ఆప్తమిత్రుడు’ అన్న సమాసంలో పునరుక్తి లేదు. మిత్రుడు కావడం ఒక సంగతి, ఆ మిత్రుడు ఆప్తుడు కూడా కావడం ఇంకో సంగతి. మిత్రులందరూ ఆప్తులైతే ఆ విశేషణానికి పనే ఉండదు.

నమ్మకాన్ని నేరుగా చెప్పే మాటలతో పోల్చినప్పుడు తేడా ఇంకా స్పష్టమవుతుంది. నమ్మకస్తుడు, నమ్మిన బంటు, విశ్వాసపాత్రుడు అన్న మాటల్లో నమ్మకం ఉంది, కానీ దానితోపాటు ఎక్కువ తక్కువలు కూడా ఉన్నాయి. యజమాని తన పనివాణ్ణి నమ్మకస్తుడంటాడు. పనివాడు యజమానిని అలా అనడు. తెలుగులో ‘విశ్వాసం’ అన్న మాట కుక్కకు కూడా వర్తిస్తుందంటే, అందులో ఉన్నది తిన్న ఇంటిని మరవకపోవడం అన్న అర్థం కాబట్టే. ఆప్తుడు అన్నప్పుడు ఆ పైకిందులు ఉండవు. రాజుకు సేవకుడు ఆప్తుడు కావచ్చు, శిష్యుడికి గురువు ఆప్తుడు కావచ్చు, ఈడువాళ్లు ఒకరికొకరు ఆప్తులు కావచ్చు. ఇక హితుడు, శ్రేయోభిలాషి అన్న మాటల్లో మంచి కోరడం ఉంది కానీ, తెలివిడి ఉండాలన్న నియమం లేదు. మంచి కోరుతూనే తప్పు సలహా ఇచ్చేవాళ్లు లోకంలో కొల్లలు. వాత్స్యాయనుడి కొలత ప్రకారం వాళ్లు హితులే, ఆప్తులు కారు.

వాక్యంలో దాని నడక

మాట అర్థాన్ని నిఘంటువు కంటే వాక్యనిర్మాణం ఎక్కువ నిజాయతీగా బయటపెడుతుంది. “వాళ్లిద్దరూ స్నేహితులు” అన్న వాక్యం నిండుగా ఉంది. “వాళ్లిద్దరూ ఆప్తులు” అంటే ఎవరికి అన్న ప్రశ్న మిగిలిపోతుంది; ‘ఒకరికొకరు’ అని చేర్చాలి, లేదా ‘ఆప్తమిత్రులు’ అనాలి. స్నేహం ఇద్దరి మధ్య ఉంటుంది. ఆప్తత్వం ఒకరి వైపు నుంచి ఇంకొకరికి దక్కే గుర్తింపు. అందుకే ఈ మాట ‘కి, కు’ ప్రత్యయాన్ని కోరుతుంది: “ఆయన మా నాన్నకు ఆప్తుడు”, “ఆమె ఆ కుటుంబానికి ఆప్తురాలు”.

ఈ కారణం వల్లే “నేను అతనికి స్నేహితుణ్ణి” అన్నంత సులువుగా “నేను అతనికి ఆప్తుణ్ణి” అనడం కుదరదు. వ్యాకరణం అడ్డురాదు, మర్యాద అడ్డొస్తుంది. నమ్మదగినవాడన్న తీర్పు నమ్మేవాడు ఇవ్వాలి కానీ, నమ్మించేవాడు తనకు తాను ఇచ్చుకోకూడదు. పిలుపులోనూ ఈ తేడా ఉంది. మిత్రమా, నేస్తమా అని పిలుస్తారు కానీ, ‘ఆప్తుడా’ అని ఎవరూ పిలవరు. సాటి మనిషిని దగ్గరకు తీసుకోవడానికి కాక, మూడో మనిషికి అతడి గురించి చెప్పడానికే ఈ మాట ఎక్కువగా పనికొస్తుంది.

పొరుగు భాషల్లో ఏమైంది

ఇదే మాట పక్క భాషల్లో వేరు వేరు గట్లకు చేరింది. మరాఠీలో ‘ఆప్త్’ అంటే ప్రధానంగా బంధువు. ‘ఆప్తేష్ట్’ అంటే బంధుమిత్రులు. అక్కడ మనవాడు అన్న అర్థం దాదాపు పూర్తిగా గెలిచింది. కన్నడంలో ఆంతరంగికత వైపు మొగ్గింది. ‘ఆప్త సహాయక’ అంటే వ్యక్తిగత సహాయకుడు, ‘ఆప్త సమాలోచనె’ అంటే కౌన్సెలింగ్. ఈ రెండో ప్రయోగం గమనించదగినది. బాధలో ఉన్న మనిషితో దయగా, గుట్టు బయటపెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు మాట్లాడడం అన్న పనికి ఆ విశేషణం బాగా అమరింది. మలయాళంలో ‘ఆప్తవాక్యం’ ఒక సంస్థ ఆదర్శవాక్యానికి పేరైంది; అక్కడ వాక్యం మిగిలింది, పలికిన ఆప్తుడు మాయమయ్యాడు.

తెలుగు ఈ మూడింటి నడుమ నిలిచి ఉంది. ‘ఆప్తవాక్యం’ అన్న సమాసంలో శాస్త్రార్థం బతికే ఉంది, ‘ఆప్తమిత్రుడు’లో రెండు అర్థాలూ కలిసి ఉన్నాయి, ‘ఆప్తులను కోల్పోయారు’ అన్న వార్తావాక్యంలో బంధువు అన్న అర్థం ఒక్కటే మిగిలింది.

వార్తాభాష చేస్తున్న మార్పు

వార్త రాసేవారికి క్లుప్తత కావాలి. చనిపోయినవారు ఎవరికి ఏమవుతారో విడివిడిగా చెప్పే వీలు లేనప్పుడు, అందరినీ కలుపుకునే ఒక గౌరవమైన మాట అవసరమవుతుంది. ఆ అవసరాన్ని ‘ఆప్తులు’ తీరుస్తోంది. మరణవార్తలో ‘బంధువులు’ అన్న మాట పొడిగా వినిపిస్తుంది, ‘ఆప్తులు’ అన్నప్పుడు దుఃఖం కూడా వినిపిస్తుంది. ఈ ప్రయోగాన్ని తప్పని కొట్టివేయలేం, ధాతువు చూపిన మొదటి దారిలోనే అది నడుస్తోంది. పైగా మరాఠీ ఉదాహరణ చూపినట్టు, ఆ దారి సహజమైనదే.

రాజకీయ వార్తల్లోని ప్రయోగం మాత్రం వేరు. అక్కడ ‘ఆప్తుడు’, ‘సన్నిహితుడు’, ‘అనుచరుడు’ అన్న మూడూ ఒకదాని బదులు ఒకటి దొర్లుతున్నాయి. సన్నిహితుడంటే దగ్గర ఉన్నవాడు, అంతే. దగ్గర ఉన్నాడన్నది కంటికి కనిపించే విషయం కాబట్టి విలేకరి దాన్ని రాయవచ్చు. అనుచరుడు వెంట నడిచేవాడు, అదీ కనిపించేదే. ఆప్తుడన్నది మాత్రం నాయకుడి మనసులో ఉన్న తీర్పు. ఆ తీర్పును బయటివాడు నిర్ధారించలేడు. ‘సన్నిహితుడు’ అని రాయవలసిన చోట ‘ఆప్తుడు’ అని రాస్తే, వార్త తనకు తెలిసినదాని కంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది.

బంధువులూ దగ్గరివాళ్లూ అందరూ కలిసివచ్చేలా చెప్పాలంటే తెలుగులో ‘అయినవాళ్లు’ అన్న చక్కని మాట ఉంది. “అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో” అన్న సామెతలో తెలుగువాళ్లు ఆ మాటను ఎంత సూక్ష్మంగా వాడారో తెలుస్తుంది. అయినవాడు కావడానికి పుట్టుకో పెళ్లో చాలు, అందులో పరీక్ష లేదు. ఆప్తుడు కావడానికి మాత్రం ఎప్పుడో ఒకసారి, చెబితే నష్టమైనా నిజం చెప్పి ఉండాలి. పెట్టుబడి పెట్టబోతున్న స్నేహితుడికి “ఇందులో దిగకు” అని చెప్పి నాలుగు నెలలు అతడితో మాటలు పోగొట్టుకున్నవాణ్ణి, ఆ తర్వాత అదే స్నేహితుడు ఏ మాటతో పరిచయం చేస్తాడన్నది ఆలోచిస్తే, ‘అయినవాడు’ అన్నది అక్కడ చాలదని, ‘స్నేహితుడు’ అన్నదీ కొంత వెలితిగానే ఉంటుందని తేలుతుంది.